గ్లాబ్, ఎఫ్ఎన్‌మ్యాచ్ : గుణదోష విచారణ

సి భాష నేర్చుకొను విద్యార్థులకు ఉపాధ్యాయులు తరచుగా ఇచ్చు అభ్యాసమొకటి కలదు. ఒక నమూనాను, ఒక ఫైలు పేరును ఇచ్చినచో, ఆ పేరు ఆ నమూనాకు సరిపోవునో లేదో తేల్చు ప్రోగ్రామును వ్రాయవలెను. నమూనాలో నక్షత్రపు గుర్తు (*) ఉన్నచో అది ఎన్ని అక్షరములకైనను చెల్లును. ఒక్క అక్షరమును లేకున్నను చెల్లును. ప్రశ్నార్థకము (?) ఒకే అక్షరమునకు చెల్లును. చదరపు కుండలీకరణములలో కొన్ని అక్షరములు వ్రాసినచో వానిలో ఏదో ఒకదానికి చెల్లును. పేకాటలో జోకరు ఏ ముక్కకు బదులుగానైనను చెల్లినట్లే ఈ గుర్తులును చెల్లును గనుక వీనికి వైల్డ్‌కార్డులని పేరు. 'పాఠం*' అని అడిగినచో 'పాఠం1', 'పాఠం25', 'పాఠంచివర' అన్నియు వచ్చును. 'పాఠం?' అని అడిగినచో మొదటిది మాత్రమే వచ్చును.

చూచుటకిది పిల్లల ఆటవలె నున్నది. అదియునుగాక యూనిక్సు, లినక్సు యంత్రములలో ఈ పనికి రెండు ఫంక్షనులు సిద్ధముగా కలవు. ఒకటి ఎఫ్ఎన్‌మ్యాచ్. ఇది డిస్కు జోలికి పోదు; నమూనాను, పేరును ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి చెప్పును, అంతే. రెండవది గ్లాబ్. ఇది స్వయముగా డైరెక్టరీలను తెరచి, నమూనాకు సరిపోవు దారులనన్నిటిని ఏరి, జాబితాగా చేతికిచ్చును. నేను చూచిన పాఠ్యపుస్తకములు ఈ రెండింటిని పేర్కొని, ఒక్కొక్క ఉదాహరణ మిచ్చి, ముందునకు సాగిపోవును. వాని గుణమెంత, దోషమెంత అన్న విచారణ వానిలో కానరాదు. ఆ విచారణ ఏల అవసరమో నాకు ఒక విద్యార్థి మూలమున తెలిసివచ్చినది. ఆ సంగతి కొంచెము తరువాత చెప్పెదను.

ముందుగా వీని పుట్టుక. 1971 నాటి మొదటి యూనిక్సులోనే గ్లాబ్ అను పేరుతో ఒక ప్రత్యేకమైన ప్రోగ్రాము ఉండెను. 'గ్లోబల్' అను మాటకిది కుదింపు. మనమిచ్చు ఆజ్ఞలను అందుకొను ప్రోగ్రామునకు షెల్లు అని పేరు. ఆజ్ఞలో నక్షత్రపు గుర్తు కనబడినచో నాటి షెల్లు తాను దానిని విప్పక, గ్లాబును పిలిచి ఆ పని అప్పగించెడిది. ఈ గ్లాబును సి భాషకు తల్లియైన బి భాషలో వ్రాసిరి. యంత్రభాషకు దగ్గరి సంకేతములలో కాక, ఉన్నత స్థాయి భాషలో వ్రాయబడిన మొదటి యూనిక్సు పనిముట్టు ఇదియేనని చెప్పుదురు. 1979లో వెలువడిన ఏడవ యూనిక్సులో స్టీఫెన్ బోర్న్ వ్రాసిన షెల్లు ఈ పనిని తనలోనే కలుపుకొన్నది. 1992లో పోసిక్స్ ప్రమాణపు రెండవ భాగము ఈ రెండు ఫంక్షనులకు స్థిరమైన రూపమిచ్చినది. సి భాషా ప్రమాణములో మాత్రము ఇవి లేవు. ఈ భేదమును విద్యార్థులకు మొదటనే చెప్పుట మంచిది. లేనిచో విండోసు యంత్రముపై ఇవి పనిచేయవేమని వారు కలవరపడుదురు.

వీని ప్రధాన గుణమును కాదనరాదు. నమూనాను విప్పు పనిని ఒకచోట నుంచుటచే, ప్రతి ప్రోగ్రామును దానిని వేరువేరుగా నేర్చుకొనవలసిన పని తప్పినది. డాస్ పద్ధతి ఇందుకు విరుద్ధము. అచ్చట ఆజ్ఞలను అందుకొను ప్రోగ్రాము నక్షత్రమును అట్లే వదలివేసెడిది. దానిని ఎట్లు అర్థము చేసికొనవలెనో ఆయా ప్రోగ్రాముల బాధ్యత. పైగా డాస్‌లో ఫైలు పేరునకు ఎనిమిది గళ్లుండెడివి. నక్షత్రము కనబడగానే మిగిలిన గళ్లనన్నిటిని ప్రశ్నార్థకములతో నింపుటయే అచ్చటి మర్యాద. అప్పుడు నక్షత్రము తరువాత వ్రాసిన అక్షరములకు చోటెక్కడ? చివర 'ల' ఉన్న ఫైళ్లను మాత్రమే చెరిపివేయుదమని '*ల' అనినచో 'ల' గాలికి పోయి, చివర 'ల' లేని ఫైళ్లును చెరిగిపోయెడివి. దీనితో పోల్చినపుడు గ్లాబ్ ఎంతో మేలు.

ఇక దోషములు. ఎఫ్ఎన్‌మ్యాచ్ సరిపోయినచో సున్నను తిరిగి ఇచ్చును. సి భాషలో సున్న యనగా అసత్యము. కావున 'సరిపోయినచో ఈ పని చేయుము' అని తెలిసిన పద్ధతిలో వ్రాసిన విద్యార్థి ప్రోగ్రాము సరిపోని వానిపై మాత్రమే ఆ పని చేయును. అక్షరపంక్తులను పోల్చు పాత ఫంక్షనుకును ఈ అలవాటే కలదు గనుక దీనిని నేను పెద్ద దోషముగా నెంచను. ఒకసారి దెబ్బ తిన్నవాడు మరల తినడు.

అంతకన్న పెద్దది ఏటవాలు గీత సంగతి. దారిలో డైరెక్టరీల నడుమ వచ్చు '/' గుర్తు ఇంటి ప్రహరీ గోడ వంటిది. నక్షత్రము దానిని దాటరాదని ఎవరైనను అనుకొందురు. షెల్లులో దాటదు కూడ. కాని ఎఫ్ఎన్‌మ్యాచ్‌ను ఏ సూచనయు నీయక పిలిచినచో నక్షత్రము గోడలను దూకి పోవును. దాటకుండ ఆపవలెనన్నచో పాత్‌నేమ్ అను సూచనను మనమే జతచేయవలెను. ఒక ప్రోగ్రాములో 'విద్యార్థులు/రవి/*' అను నమూనాకు సరిపోవు ఫైళ్లను మాత్రమే రవి చూడవచ్చునని కట్టడి చేసితిమనుకొనుడు. రవి 'విద్యార్థులు/రవి/../../గురువులు/ప్రశ్నపత్రం' అని అడిగినచో ఎఫ్ఎన్‌మ్యాచ్ సరిపోయినదనును. రెండు చుక్కలు పై డైరెక్టరీకి పోవు మార్గమని తెలిసినవారికి, ఆ దారి ఎచ్చట తేలునో వేరుగా చెప్పనక్కరలేదు. పాత్‌నేమ్ సూచన ఉన్నచో ఈ దారి నమూనాకు సరిపోదు.

ఇది కేవలము ఊహ కాదు. యంత్రాధికారి తన అధికారములో కొంత భాగమును ఇతరుల కిచ్చుటకు వాడు సుడో అను ప్రోగ్రాము కలదు. దాని కరదీపికలోనే ఇట్టి హెచ్చరిక ఉన్నది. ఒక ఉద్యోగి 'మెసేజెస్*' అను నమూనాకు సరిపోవు దినచర్య ఫైళ్లను చదువవచ్చునని అనుమతి వ్రాసినచో, ఆజ్ఞ వెనుక వచ్చు మాటలన్నియు ఒకే పంక్తిగా పోల్చబడును గనుక, నక్షత్రము ఖాళీజాగాను, గీతను కూడ మ్రింగును. అతడు ఆ పేరు ప్రక్కన రహస్యపదముల ఫైలు పేరును చేర్చి రెండింటిని చదువుకొనవచ్చును. భద్రమైన నడతను అడిగి తెచ్చుకొనవలసి, అభద్రమైనది అడుగకయే వచ్చుట ఏ పనిముట్టునకును శోభ కాదని నా అభిప్రాయము.

చుక్కతో మొదలగు పేర్ల విషయములో ఈ అన్నదమ్ములిద్దరికి పొత్తు కుదరదు. యూనిక్సులో అట్టి ఫైళ్లు మామూలు జాబితాలో కనబడవు. గ్లాబు చేతిలోని నక్షత్రము వానిని ముట్టదు. ఎఫ్ఎన్‌మ్యాచ్ చేతిలోని నక్షత్రము ముట్టును. వద్దన్నచో దానికి మరియొక సూచన. ఒకే నమూనాకు, ఒకే పేరునకు ఒకే ప్రమాణము రెండు సమాధానములు చెప్పుచున్నదన్నమాట.

ఇప్పుడు ముందు చెప్పిన విద్యార్థి సంగతి. మా ప్రయోగశాలలో పరీక్ష రోజున నలుబది మంది విద్యార్థులు తమతమ డైరెక్టరీలలో జవాబుల ఫైళ్లను ఉంచవలెను. వానిని ప్రోగు చేయుటకు నేను గ్లాబుతో చిన్న ప్రోగ్రామును వ్రాసితిని. నమూనా '*/జవాబు*'. ప్రోగ్రాము పనిచేసినది, ఏ తప్పును చెప్పలేదు, ముప్పదితొమ్మిది మంది జవాబులను తెచ్చినది. నలుబదవ పిల్లవానికి సున్న వేసితిని. మరునాడతడు నా గది ముందు నిలబడి, "సార్, నేను టైముకే పెట్టానండి, కావాలంటే చూడండి" అనెను. చూచితిని. ఫైలు ఉన్నది, వ్రాసిన సమయమును సరిగానే ఉన్నది. ఎవరును తన జవాబులను చూచి వ్రాయరాదని ఆ పిల్లవాడు తన డైరెక్టరీకి ఇతరులు చదువు అనుమతిని తీసివేసెను. అతని జాగ్రత్త మెచ్చదగినదే. సున్న తెచ్చిపెట్టినది గ్లాబు మౌనము. దానిని పరిశీలింపక నమ్మిన నా తొందరపాటు.

గ్లాబు స్వభావమిది. తెరువరాని డైరెక్టరీ ఎదురైనచో, ఏమియు ననక, దానిని విడిచి తరువాతి దానికి పోవును. అన్నిటిని తెరువలేకపోయినచో 'సరిపోవునది ఏదియు లేదు' అని చెప్పును. 'వెదకితిని, లేదు' అనుటకును, 'వెదకలేకపోతిని' అనుటకును గల భేదమును విజ్ఞానశాస్త్రము చదివినవారికి వేరుగా చెప్పవలెనా? ప్రయోగములో కొలమానము పనిచేయనపుడు పట్టికలో సున్న వ్రాయు విద్యార్థిని మనము మందలింతుము. గ్లాబు చేయుచున్నది సరిగా ఆ పనియే. తెరువలేనపుడు ఆగిపొమ్మను సూచన ఒకటి ఉన్న మాట నిజమే. కాని దానిని ఇచ్చినచో మొదటి అడ్డంకి వద్దనే పని నిలిచిపోవును, మిగిలిన వారి జవాబులును పూర్తిగా రావు. మూడవ మార్గము, ప్రతి అడ్డంకికిని పిలువదగిన ఫంక్షను నొకదానిని మనమే వ్రాసి గ్లాబుకిచ్చుట. నేనిప్పుడు చేయుచున్నది అదియే. ఇచ్చటను ఒక లోపమున్నది. ఆ ఫంక్షనుకు గ్లాబు రెండే సంగతులు అందించును: దారి పేరు, తప్పు సంఖ్య. మన జాబితా నేదైనను దానికి అందించుటకు చోటు లేదు. కావున ప్రోగ్రామంతటికి సామాన్యమైన చలరాశి నొకదానిని పెట్టుకొని, తెరువరాని వానిని అందులో వ్రాసికొనవలెను. తరగతిలో 'సామాన్య చలరాశులను వాడకుడు' అని చెప్పి, ప్రయోగశాలలో వాడి చూపుట నాకు కొంచెము ఇబ్బందిగనే ఉన్నది.

ఇక పోల్చు పద్ధతికి వత్తము. అభ్యాసములో విద్యార్థులు వ్రాయునది దాదాపు ఎల్లప్పుడు ఒకే తీరున నుండును. నక్షత్రము ఎదురైనపుడు అది సున్న అక్షరములు తిన్నదనుకొని మిగిలిన దానిని పోల్చుదురు. కుదరనిచో ఒక అక్షరము తిన్నదనుకొని, ఆపై రెండు తిన్నదనుకొని, మరల మరల అదే ఫంక్షనును పిలుతురు. ప్రోగ్రాము చిన్నది, అందమైనది, తప్పులేనిది. పరీక్షలో పూర్తి మార్కులు పడును. కాని నమూనా ఇట్లున్నదనుకొనుడు: 'అ*' అను జంట పదిసార్లు, చివర 'ఇ'. పేరు 'అ' అను అక్షరము ముప్పది సార్లు. (సౌకర్యము కొరకు తెలుగు అక్షరము వ్రాసితిని, యంత్రమునకు ఒక బైటు పట్టు అక్షరమనుకొనుడు.) పేరులో 'ఇ' లేదు గనుక సరిపోదని మనకు చూచినంతనే తెలియును. ప్రోగ్రామునకు తెలియదు. పది నక్షత్రములకు ముప్పది అక్షరములను ఎన్ని విధముల పంచవచ్చునో అన్ని విధములను అది పరీక్షించును. ఇంటర్మీడియట్‌లో సంయోగములు చదివినవారు లెక్క వేయవచ్చును. ముప్పది నుండి పదింటిని ఎన్నుకొను విధములు 3,00,45,015. చివరి 'ఇ' తో పోలిక సరిగా అన్నిసార్లు జరిగి, అన్నిసార్లు విఫలమగును. మూడు కోట్లు నేటి యంత్రమునకు కొద్దిసేపటి పని. పేరు పొడవును నూరు చేయుడు. విధములు సుమారు 17 లక్షల కోట్లు! సెకనుకు పది కోట్ల పోలికలు చేయు యంత్రమునకు రెండు పగళ్లు, రెండు రాత్రులు పట్టును. నూరు అక్షరముల పేరును పోల్చుటకు!

దీనికి మందు ఆశ్చర్యమనిపించునంత సులభము. రెండవ నక్షత్రమును చేరిన తరువాత మొదటి నక్షత్రమును మరల తలచుకొననక్కరలేదు. ఎందుచేత? మొదటి నక్షత్రము తరువాతి ముక్కను పేరులో అన్నిటికన్న ముందు దొరికిన చోటనే కుదుర్చుకొంటిమి. దానిని ఇంకను కుడివైపునకు జరిపి చూచిన లాభమేమి? అట్లు జరిపినపుడు మిగిలిన ముక్క ఎచ్చటనో సరిపోవుననుకొందము. అదే చోటు, జరుపక ముందు కూడ దానికి అందుబాటులోనే ఉండెను. నడుమ నున్న ఎడమును రెండవ నక్షత్రము మ్రింగియుండును. ముందు దొరకనిది జరిపిన తరువాత కొత్తగా దొరకదు. కావున చివరగా చూచిన నక్షత్రపు స్థానమును, అది ఎంతవరకు మ్రింగినదో ఆ స్థానమును, ఈ రెండు సంఖ్యలను గుర్తుంచుకొనిన చాలును. ఫంక్షను తన్ను తాను పిలుచుకొననవసరమే లేదు. అప్పుడు పోలికల సంఖ్య నమూనా పొడవును పేరు పొడవుచే గుణించిన దానికి మించదు. పైన చెప్పిన రెండు దినముల లెక్క రెండు మూడు వేల పోలికలకు మించకయే ముగియును. దారిలో గీతలున్నపుడు ఒక గీతకును మరియొక గీతకును నడుమ నున్న భాగమును విడివిడిగా ఇట్లే చూచిన సరి.

విద్యార్థుల సంగతి అటుంచుడు. 2017లో రస్ కాక్స్ అను శాస్త్రజ్ఞుడు ఈ రకపు నమూనాలనే తీసికొని, వాడుకలో నున్న షెల్లులను, ప్రోగ్రాము భాషలను పరీక్షించి చూడగా, వానిలో కొన్ని ఇట్లే ఘాతీయముగా పెరుగు కాలమును తీసికొనుచున్నట్లు తేలినది. నమూనాను మనమే వ్రాసికొనునపుడు ఇది వినోదమే. నమూనాను ఎవడో పరాయివాడు దూరము నుండి పంపునపుడు వినోదము కాదు. ఫైళ్లను పంచిపెట్టు ఎఫ్‌టీపీ యంత్రములు దూరము నుండి వచ్చు నమూనాలను గ్లాబుకు అప్పగించెడివి. 2001 ఏప్రిల్‌లో అమెరికాలోని సెర్ట్ సంస్థ, పలు ఎఫ్‌టీపీ ప్రోగ్రాములలో ఈ నమూనాలను విప్పుచోట లోపములున్నవని ప్రకటించినది. అచ్చట నమూనా విప్పిన తరువాత పెరిగిన పొడవు, దానికై ఉంచిన చోటును మించిపోయెడిది. లినక్సులో ఎక్కువగా వాడబడు గ్రంథాలయపు గ్లాబులోనే 2017లో అట్టి లోపము బయటపడినది. సొంత డైరెక్టరీని సూచించు అలగుర్తు (~) తరువాత పొడవైన పేరు వచ్చినపుడు ఒక్క బైటు లెక్క తప్పెడిది. 2018 ఫిబ్రవరిలో వచ్చిన 2.27వ రూపములో దిద్దిరి. పుట్టిన నలుబదియారు సంవత్సరముల తరువాత కూడ ఈ 'చిన్న పని' లో తప్పులు దొరకుచుండుట మన పాఠ్యపుస్తకముల దృష్టికి రావలసియున్నది.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. ప్రశ్నార్థకము 'ఒక అక్షరము' నకు చెల్లునని మొదటనే చెప్పితిని. ఏది అక్షరము? 'పాఠం' అను మాటలో మన కంటికి రెండక్షరములు. యూనికోడు లెక్కలో ప, దీర్ఘము, ఠ, సున్న అని నాలుగు సంకేతములు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కటి మూడు బైట్ల వంతున పండ్రెండు బైట్లు. సి ప్రోగ్రాము మొదలగునపుడు యంత్రపు భాషాపరిసరములను గమనింపదు. సెట్‌లొకేల్ అను ఫంక్షనును మనము పిలిచినపుడే గమనించును. సాధారణమైన లినక్సు యంత్రములో దానిని పిలువనిచో 'పాఠం' నకు సరిపోవుటకు పండ్రెండు ప్రశ్నార్థకములు కావలెను. పిలిచినచో నాలుగు. రెండు మాత్రము ఎన్నటికిని సరిపోవు. 'లక్ష్మి' అను రెండక్షరముల పేరునకు ఏడు! 'రామ*' అను నమూనాకు 'రామయ్య' తో పాటు 'రాముడు' కూడ వచ్చును. కొమ్మును నక్షత్రము తినివేయును. ఇక కుండలీకరణములలో 'క-హ' అని వ్రాసినచో సంకేత సంఖ్యల క్రమములో ఱ అనునది ర పక్కనే కూర్చుండును, వర్ణమాలలో వలె చివరకు పోదు. క్ష ను ఒక్క అక్షరముగా ఆ కుండలీకరణములలో వ్రాయుటకే వీలులేదు. అది మూడు సంకేతముల ముడి.

దీనికి ప్రమాణకర్తలను పూర్తిగా తప్పుపట్టలేము. తెలుగు యూనికోడులో చేరినది 1991లో. యూటీఎఫ్-8ను కెన్ థాంప్సన్, రాబ్ పైక్ రూపొందించినది 1992లో, ఈ ఫంక్షనులకు ప్రమాణరూపము వచ్చిన సంవత్సరమే. రెండును ఒకదాని నొకటి ఎరుగక పుట్టినవి. కాని ముప్పది యేండ్లకు పైబడినను ప్రశ్నార్థకపు అర్థము మారకుండుట మాత్రము సమర్థనీయము కాదు.

ఈ సంవత్సరము అభ్యాసమును మార్చి ఇచ్చితిని. ప్రశ్నార్థకము ఒక సంకేతమునకు కాక, మనము పలుకు ఒక అక్షరమునకు చెల్లవలెను. హల్లు తరువాత గుణింతపు గుర్తులను, సున్నను దానిలో కలుపవలెను. పొల్లు వచ్చినచో తరువాతి హల్లును కూడ కలుపవలెను. ఒక విద్యార్థిని నలుబది పంక్తులలో వ్రాసి తెచ్చినది. 'లక్ష్మి' రెండు ప్రశ్నార్థకములకు సరిపోయినది. 'సాఫ్ట్‌వేర్' వద్ద మాత్రము లెక్క తప్పినది. ఆ మాటలో పొల్లునకు, 'వే' కు నడుమ, ఒత్తు పడకుండ ఆపుటకు వాడు కంటికి కనబడని సంకేతమొకటి ఉండును. ఆమె ప్రోగ్రాము దానిని కూడ ఒక అక్షరముగా లెక్కించినది. దానిని ముందరి దానిలో కలుపవలెనా, పోల్చుటకు ముందే తీసివేయవలెనా అని ఆమె అడిగినది. తీసివేసినచో రెండు వేరు ఫైళ్ల పేర్లు ఒకటిగా తేలు ప్రమాదము కలదు. ముందరి దానిలో కలిపి చూడుమని చెప్పితిని. సోమవారము చూపెదనని వెళ్లినది.